ఫ్యాన్ కింద రోలు

మా అత్తవారింట్లో ఏది పోయినా ఇల్లంతా వెతకనక్కర్లేదు. హాలు మధ్యకి వెళ్ళి వంగి చూస్తే చాలు. కమ్మ శీల, చొక్కా బొత్తం, మందుబిళ్ళ, బఠాణీ గింజ, దొర్లగలిగినది ఏదైనా సరే, ఫ్యాన్ కింద ఉన్న గుంటలోకి వచ్చి చేరుతుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో పాయసం చేద్దామని ఉత్సాహపడి సగ్గుబియ్యం డబ్బా జారవిడిచాను. గింజలన్నీ గచ్చు మీద చిందరవందరగా పడి, ఒక్క క్షణం ఆగి, ఎవరో పిలిచినట్టు ఒకే వైపు దొర్లడం మొదలుపెట్టాయి. హాలు మధ్యకి చేరి తెల్లటి ముగ్గులా నిలబడ్డాయి. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. మా అత్తగారు వకుళమ్మ లోపలినుంచి చేట తెచ్చి నా చేతికిచ్చారు.

"ఎత్తు, తొందరేం లేదు. అవి ఎక్కడికీ పోవు. ఈ ఇంట్లో నా మాట వినేది ఆ గుంట ఒక్కటే."

ఆరోజే చీవాట్లు కూడా తిన్నాను. దేవుడి గది మూలలో మోకాలెత్తు సిలిండర్ ఒకటి నిలబెట్టి ఉంది. బూడిదరంగు కాంక్రీటు. నుదుటన కుంకుమ బొట్టు. పూలసజ్జ పెట్టుకోవడానికి భలే పీట అనుకుని దాని మీద పెట్టబోయాను. సజ్జ ఇంకా ఆనలేదు, వంటింట్లోంచి కేక వినపడింది.

"దాని మీద పెట్టకు. పువ్వు కూడా పెట్టకూడదు."

"ఎందుకత్తయ్యా?"

"ఎందుకేమిటి? పెట్టకూడదు. మీ మామయ్య చెప్పి వెళ్ళారు. ఈ ఇంట్లో దాని మీద పిల్లి కూడా కూర్చోలేదు."

ఆ సాయంత్రం శశాంక్ డిపో నుంచి రాగానే ఈ రెండు సంగతులూ ఊపిరాడకుండా చెప్పాను. అతను ఆర్టీసీ డిపోలో మెకానికల్ సూపర్‌వైజరు. చేతులకి గ్రీజు వాసన, సంచిలో నాకోసం మిరపకాయ బజ్జీలు. అత్తయ్య ముందు "ఏమండీ" అంటాను, బాల్కనీలోకి వెళ్ళగానే "శశీ" అయిపోతాడు. అప్పుడప్పుడూ తలుపు దాటకముందే శశీ అయిపోయేవాడు. అత్తయ్య వినీ విననట్టు కుక్కర్ మూత తీసేవారు.

"ఆ గుంట మా నాన్న చేసిందేలే," అన్నాడు శశాంక్ బజ్జీ తుంచుతూ. "కాదు, మా అమ్మ చేసింది. ఇద్దరినీ అడిగితే రెండు కథలు చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఒక కథే మిగిలింది."

*

కాంక్రీటులో గుంట పడటం నాకు వింత కాదు. నా ఉద్యోగమే అది.

మేముండే వేములపాడు థర్మల్ కాలనీకి పక్కనే మా ల్యాబు. దశాబ్దాల కిందట ఇక్కడ ఒక ప్రయోగం జరిగింది. విద్యుత్ కేంద్రం పొగగొట్టం కింద కొండలా పేరుకుపోయే బూడిదని గోళీల్లా చుట్టి, కాల్చి, కంకరకి బదులుగా వాడి కాంక్రీటు పోశారు. ఆ గోళీ నీళ్ళలో వేస్తే తేలుతుంది. మూడో వంతు బరువు తగ్గిన ఆ కాంక్రీటుతోనే కాలనీలో అయిదు బ్లాకులు కట్టారు. కట్టించిన సైటు ఇంజినీరు మా మామగారు నరహరి గారు. నేను ఆయన్ని చూడలేదు. మా పెళ్ళికి చాలా ముందే పోయారు.

కాంక్రీటు మీద బరువు పెడితే వెంటనే కొంచెం కుంగుతుంది. ఆ బరువు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటే, కనిపించకుండా ఇంకా ఇంకా కుంగుతూనే ఉంటుంది. దీన్ని క్రీప్ అంటాం. తేలిక కాంక్రీటుకి ఆ గుణం మరికాస్త ఎక్కువ. ఆ అయిదు బ్లాకుల స్లాబులూ అలా కుంగి కుంగి, ఇప్పుడు నిలబడటమే కష్టమన్నారు. వానాకాలం వెళ్ళగానే పడగొట్టేస్తామని నోటీసులు అంటించారు.

సరిగ్గా అప్పుడే మా ల్యాబుకి పెద్ద అయిన డాక్టర్ ఇమ్మానుయేల్ గారు ఒక యంత్రం తయారుచేశారు. స్లాబు అడుగున బిగించి నడిపితే, చెవికి వినిపించీ వినిపించని ఒక హోరు కాంక్రీటులోకి పంపుతుంది. ఆ హోరుకి గోళీల లోపలి పొరలు సడలి, కుంగినదంతా నెమ్మదిగా పైకి లేస్తుంది. చివర పడిన బరువు ముందు, మొదట పడిన బరువు చివర, ఇవాళ్టి నుంచి పాతరోజుల్లోకి. అంతా అయ్యాక స్లాబు పోసిన రోజున ఎలా ఉందో అలా అవుతుంది. పైన రబ్బరు పట్టీలు పరిచి తెరకి కలిపితే, ఏ చోట ఎంత బరువు దిగిపోతోందో నీలి మచ్చలుగా కనిపిస్తుంది. గంటల తరబడి ఊఁ ఊఁ అంటూ పాడుతుందని, మా టెక్నీషియన్ యాకూబ్ దానికి జోల అని పేరు పెట్టాడు.

మొదటిసారి జోల పాడింది బి బ్లాకులో పద్మనాభం మాస్టారి ఇంట్లో. నా పెళ్ళికి రెండు వారాల ముందు. సగం లేచాక స్లాబు అడ్డంగా చీలింది. మనుషులకి ఏమీ కాలేదు కాని, మాస్టారు ఆ వయసులో చేతిసంచితో మెట్లు దిగుతూ, "పోనీలెండి, నేల కదా, దానికీ వయసైపోయింది," అని మమ్మల్నే ఓదార్చారు. ఆ మాట మాలో ఎవరికీ మింగుడుపడలేదు. ఇమ్మానుయేల్ గారు నా పెళ్ళికి వచ్చారు కాని, విస్తరి ముందు కూర్చుని కూడా అప్పడం విరిచి చీలిక చూసుకుంటున్నారు.

ఎందుకు చీలిందో తేల్చడమే పెళ్ళి సెలవు అయ్యాక నాకు పడిన మొదటి పని.

కాంక్రీటు బరువుకి మాత్రమే కుంగదు. బరువు లేకపోయినా లోపలి తేమ ఆరి కుంచించుకుపోతుంది. ఆ కుంచించుకుపోయినదాన్ని బలవంతంగా విప్పబోతే పగులుతుంది. కాబట్టి ఏది బరువు వల్ల వచ్చిందో, ఏది ఎండడం వల్ల వచ్చిందో యంత్రానికి ముందే చెప్పాలి. అందుకోసమే స్లాబు పోసిన రోజున అదే మిశ్రమంతో ఒక సిలిండర్ పోసి పక్కన పెడతారు. దాని మీద ఎప్పటికీ ఏ బరువూ పెట్టరు. ఊరికే ఎండుతూ ఉంటుంది. దాన్ని తోడు సిలిండర్ అంటాం. అది ఎంత కుంచించుకుందో చూసుకుని, అంతవరకు వదిలేసి, మిగిలినదే విప్పాలి.

"బి బ్లాకుకి వాడిన తోడు ఎక్కడిది?" అని అడిగాను.

"మన గుమ్మం దగ్గరే ఉండేది కద మేడం," అన్నాడు యాకూబ్.

"గుమ్మం దగ్గర ఎందుకుంది?"

యాకూబ్ ఇమ్మానుయేల్ గారి వైపు చూశాడు, తర్వాత పైకప్పు వైపు చూశాడు. "వాచ్‌మన్ అప్పారావు కూర్చునేవాడు."



"ఎన్నాళ్ళు?" అన్నారు ఇమ్మానుయేల్ గారు.

"రిటైరయ్యేదాకా సార్."

అప్పారావు మంచి భారీ మనిషి. ఏ బరువూ మొయ్యలేదనుకున్న సిలిండర్ అతణ్ణి సర్వీసంతా మోసింది. దాని కుంగుబాటుని ఎండడం కింద లెక్కేసి, మేం మాస్టారి స్లాబుని చీల్చాం.

మిగతా తోడుల కోసం కాలనీ అంతా తిరిగాం. ప్రయోగం ఆగిపోయిన రోజుల్లో, తేలిగ్గా ఉన్నాయి కదా అని జనం తలా ఒకటి ఇంటికి పట్టుకుపోయారట. ఒకటి చాకిరేవు బండ అయింది. ఒకటి గ్యాస్ పొయ్యి కింద ఉంది. మూడు క్రికెట్ వికెట్లయ్యాయి. ఒకదాని మీద ఒకావిడ మిరపకాయలు దంచుతోంది. ప్రతిదాన్నీ చూసి ఇమ్మానుయేల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. అన్ని బ్లాకులకీ అదే మిశ్రమం కాబట్టి, బరువెరగని తోడు ఒక్కటి దొరికినా చాలు. తోడు లేకపోతే జోల లేదు. జోల లేకపోతే అయిదు బ్లాకులూ లేవు.

నా బుర్ర వెలిగింది ఆ మిరపకాయల ఇంట్లోనే. రోకలి ఎత్తిన ఆవిడని, ఇమ్మానుయేల్ గారిని అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

*

మూలన ఉన్న సిలిండర్ ముందు గొంతుక్కూర్చున్నాను. కుంకుమ బొట్టు కింద, గోరుతో గీసినట్టు, తేదీ ఉంది. మా సి బ్లాకు మూడో అంతస్తు స్లాబు పోసిన తేదీ.

శశాంక్‌కి ఫోన్ చేశాను. "చిన్నప్పుడు నువ్వు దీని మీద ఎప్పుడైనా కూర్చున్నావా? నిజం చెప్పు."

"కూర్చుంటే ఇప్పుడు నీతో మాట్లాడటానికి మిగిలేవాణ్ణా? ఎందుకు?"

"బజ్జీలు రెట్టింపు తీసుకురా," అని పెట్టేశాను.

ఇల్లు బాగుపడుతుందంటే అత్తయ్య సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ అంతా విని, చేతులు తుడుచుకుని, హాలు మధ్యకి వెళ్ళి గుంటలో నిలబడ్డారు. ఆవిడ రోజూ సంధ్యవేళ చెప్పులు లేకుండా అక్కడ కాసేపు నిలబడటం నేను చూశాను. ఫ్యాన్ గాలికేమో అనుకునేదాన్ని.

"ఇది కూడా లేచిపోతుందా?"

"అవునత్తయ్యా. నేలంతా చదునైపోతుంది."

"అయితే వద్దు."

"మరి నోటీసు..."

"చూశాను. కళ్ళున్నాయిగా." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఇది మా అమ్మ ఇచ్చిన రుబ్బురోలు ఉన్న చోటు. కైకలూరు నుంచి లారీలో వచ్చింది. నలుగురు మనుషులు పొత్రంతో సహా మూడంతస్తులు మోశారు. మీ మామయ్య తల పట్టుకున్నారు. తేలిక స్లాబే, ఏళ్ళ మీద కుంగుతుందే, గోడవార పెట్టుకోవే అని. గోడవార గాలెక్కడొస్తుంది? చెమటలు కారుతూ ఎవరు రుబ్బుతారు? ఫ్యాన్ కింద పెడితేనే మీకు దోసెలు, లేకపోతే హోటలుకి వెళ్ళండి అన్నాను."

"ఏమన్నారు?"

"ఏమంటారు? పెట్టారు. సరిగ్గా ఫ్యాన్ కింద. నేను రుబ్బుతుంటే కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదివేవారు. ఒకరోజు నేల కేసి చూసి, వకుళా, గుంట పడుతోందే అన్నారు. పడనీండి అన్నాను." ఆవిడ నవ్వారు. "ఆ ఫ్యాన్ ఒక్కటీ కుదిరి చావలేదు కాని. ఏటా ఆవకాయకి పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి గాలి పక్కకి తిరిగి ఉండేది. ఒక ఏడు ఎడమ భుజానికి, ఒక ఏడు వీపుకి. ఆయన స్టూలెక్కి రెక్కలు తుడిచి, సరిచేశానే అనేవారు. సరయ్యేది కాదు. ఈయనేం ఇంజినీరో అనుకునేదాన్ని."

ఆయన పోయిన ఏడు రోలు కిందికి దింపేశారట. ఇప్పుడు మెట్ల కింద సైకిళ్ళ మధ్య ఉంది. గుంట మాత్రం మిగిలింది.

 పెళ్ళయి నెల దాటలేదు. ఈ ఇంట్లో నాకు అన్నీ కొత్తగా, ముద్దుగా కనిపిస్తున్నాయి. తడి బట్టల మీద ఎండ వాసన, శశాంక్ స్కూటర్ చప్పుడు, రెండు కప్పుల్లోనూ సమంగా పడని కాఫీ. వాటిలో ఒక్కదాన్ని ఎవరైనా చదును చేస్తామంటే ఊరుకుంటానా? అయినా నా నోటితోనే చెప్పాలి.

"అత్తయ్యా, అది లేచేటప్పుడు చూపిస్తుంది. ఇవాళ్టి నుంచి వెనక్కి. ఎవరు రోజూ ఎక్కడ నిలబడ్డారు, ఎక్కడ కూర్చున్నారు. ఒక్క రోజు వచ్చి పోయినవాళ్ళు కనపడరు. ఒక అడుగు బరువు కాంక్రీటుకి లెక్కలోకి రాదు. రోజూ అదే చోట పడితే వస్తుంది."

ఆవిడ కుర్చీలోంచి వంగి నేల కేసి చూశారు.

"ఆయన కనపడతారా?"

"మొహం కనపడదు. అడుగులు కనపడతాయి."

"మొహం ఫొటోలో ఉంది. ఒకసారేనా చూపించేది?"

"ఒకసారే. చూపిస్తూనే చెరిగిపోతుంది. కావాలంటే కంప్యూటర్లో దాచుకోవచ్చు."

"కంప్యూటర్లో ఉంటే నా పాదానికేం తెలుస్తుంది," అన్నారు.

ఆరోజు అన్నం తింటున్నప్పుడు శశాంక్ పచ్చడి అడిగితే ఆవిడ పెరుగు వడ్డించారు. ఇద్దరం మాట్లాడకుండా తినేశాం. చెయ్యి కడుక్కుని వచ్చాక ఆవిడే అన్నారు.

"పడగొడితే గుంటా పోతుంది, ఆ అడుగులూ పోతాయి. పైగా అందరి ఇళ్ళూను. పాడించండి మీ జోల."

*

ఇల్లు ఖాళీ చేశాం. మంచాలు, బీరువా, దేవుడి పటాలు అన్నీ కింద షామియానాలోకి చేరాయి. సిలిండర్‌ని మాత్రం అత్తయ్య స్వయంగా తడిగుడ్డతో తుడిచి యాకూబ్ చేతికిచ్చారు. "జాగ్రత్త నాయనా, దాని మీద కూర్చోకు," అన్నారు. యాకూబ్ నా వైపు చూశాడు. నేను ఆవిడకి వాచ్‌మన్ సంగతి చెప్పలేదని సైగ చేశాను. చెప్పే ఉంచాను నిజానికి.

పనిలోకి దిగేముందు ఇమ్మానుయేల్ గారు నన్ను పక్కకి పిలిచారు. "తరళా, నాకు ఒకటి అర్థం కావడం లేదు. ఆ రోలు, పొత్రం బరువుకి ఈ స్లాబు మధ్యలో ఎప్పుడో పగలాలి. వేరే ఇళ్ళలో బీరువా కాళ్ళ కిందే పగుళ్ళు ఇచ్చింది. ఇక్కడ వెడల్పుగా, పల్లెంలా కుంగింది. తోడు తప్పు చెబుతోందేమో ఒకసారి చూడు."

మళ్ళీ చూశాను. తోడు తప్పు చెప్పడం లేదు. అది తన జన్మలో కుంకుమ బొట్టు తప్ప ఇంకేదీ మొయ్యలేదు.

పొద్దున్నే మొదలుపెట్టాం. కింది అంతస్తు వాళ్ళ హాల్లో తెర. ముందు అత్తయ్య, వెనక నేను, శశాంక్. స్లాబు అడుగున జోల ఊఁ అనడం మొదలైంది. కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. ఎక్కడైనా చీలిక చప్పుడు వినిపిస్తుందేమోనని నా రెండు చెవులూ పైకప్పుకి అప్పగించాను.

ముందు లేత నీలంలో గజిబిజి గీత ఒకటి లేచింది. వంటింటి నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి గుమ్మానికి, మళ్ళీ బాల్కనీకి.

"ఇదెవరే, ఇంత పరుగు?" అన్నారు అత్తయ్య.

"నేనే అత్తయ్యా." నాకు చెవులు వేడెక్కాయి. "సాయంత్రం స్కూటర్ చప్పుడు వినిపిస్తుందేమోనని."

"నెలకే నేల అరిగేలా ఉంది," అన్నారు. శశాంక్ పైకప్పు చూస్తూ నవ్వు ఆపుకున్నాడు.

నా గీత చెరిగిపోయింది. దాని కింద ఏళ్ళ తరబడి ఒకే ఒక మనిషి. మంచం, పొయ్యి, దేవుడి గది, మంచం. రోజూ హాలు మధ్యలో కాసేపు ఆగిన రెండు పాదాలు. ఇల్లంతా ఖాళీ, ఆ రెండు పాదాలు తప్ప. అత్తయ్య తన ఒంటరి ఏళ్ళని తెర మీద చూస్తూ కొంగు సర్దుకున్నారు. శశాంక్ ముందుకి జరిగి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాడు.

తర్వాత కిటికీ వైపు మంచంలో రెండో బరువు వచ్చింది. కదలని బరువు. ఆయన ఆఖరి రోజులు. కాని జోల వెనక్కి పాడుతుంది. ఆ బరువు మంచంలోంచి లేచింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది. తర్వాత గోడ వదిలేసింది. తర్వాత గుమ్మం దాకా, తర్వాత బాల్కనీ దాకా నడిచింది. ఏళ్ళు వెనక్కి జరుగుతున్నకొద్దీ మామగారు మా కళ్ళ ముందు కోలుకుంటున్నారు.

"చూడు, ఎడమ కాలు కాస్త ఈడుస్తారు. అదిగో. అదిగో మళ్ళీ," అన్నారు అత్తయ్య. ఆవిడ గొంతులో ఏడుపు లేదు. బస్సులోంచి దిగుతున్న మనిషిని గుర్తుపట్టినట్టు ఉంది.

కిటికీ దగ్గర కుర్చీ వచ్చింది, పేపరు చదివిన కుర్చీ. మధ్యలోకి రోలు వచ్చింది. దాని ముందు రోజూ పొద్దున కూర్చున్న అత్తయ్య. ఇంకా వెనక్కి వెళితే, రోలు చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు మూడు.

"అదేంటి?" అన్నాడు శశాంక్.

"నీ నడకబండి. నేను రుబ్బుతుంటే నా చుట్టూ తిరిగేవాడివి. పిండిలో వేలు పెట్టి పారిపోయేవాడివి."

డిపోలో పాతిక మందిని హడలగొట్టే శశాంక్, తన మూడు చక్రాల గీతలు చెరిగిపోయేదాకా రెప్ప వెయ్యలేదు. నేను అతని గ్రీజు వేలు పట్టుకున్నాను.

యాకూబ్ ఇంతలో తెర మీద ఒక చోట వేలు పెట్టాడు. "సార్, రోలు కదులుతోంది."

నిజమే. రోలు మచ్చ ఒక చోట లేదు. కొంతకాలం ఒక చోట ఉంటుంది. తర్వాత ఒక జానెడు పక్కన ప్రత్యక్షమవుతుంది. ఇంకో ఏడు, ఇంకో జానెడు. అలా ఫ్యాన్ కింద పల్లెం అంచు మీద నడిచినట్టు గుండ్రంగా తిరుగుతోంది. ఒక చుట్టు పూర్తయితే రెండో చుట్టు.

"కదలడమేమిటి? ముప్పై ఏళ్ళు అది ఉన్నచోటే ఉంది," అన్నారు అత్తయ్య.

ఇమ్మానుయేల్ గారు తెరకి దగ్గరగా వంగారు. "జరిగిన ప్రతిసారీ దానికి ముందు కొన్ని వారాలు అమ్మగారి అడుగులు ఇంట్లో లేవు. ఆయన ఒక్కరివే ఉన్నాయి. చూడండి, రోలు జరిగినచోట ఆయన పాదాలు ఎంత గట్టిగా ఆనాయో. మోకాళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి." కళ్ళజోడు తీశారు. "బరువు ఒకేచోట ఉంటే పగులుతుందని, ఏటా కొంచెం జరిపారమ్మా. అందుకే ఈ స్లాబు బతికింది."

 అత్తయ్య కుడి చెయ్యి మెల్లగా వెళ్ళి ఎడమ భుజాన్ని తడుముకుంది. తర్వాత మెడ వెనక్కి వెళ్ళింది.

"ఫ్యాన్ బాగానే ఉండేదన్నమాట," అన్నారు చివరికి.

ఆవిడ కళ్ళు తెర మీది రోలు మచ్చని వదల్లేదు.

"స్టూలెక్కి తుడిచేవారు. ఏటా. సరిచేశానే వకుళా అని." ఆవిడకి నవ్వు వచ్చింది, ఆ నవ్వు ఆగేలోపే కళ్ళు నిండిపోయాయి. "ఒక్క మాట చెబితే నేను గోడవారకి జరుపుకునేదాన్ని కాదూ?"

"జరుపుకునేదానివా?" అన్నాడు శశాంక్ మెత్తగా.

ఆవిడ ఆలోచించారు. "లేదు," అన్నారు.

మచ్చలు ఒక్కొక్కటీ దిగిపోయాయి. అన్నిటికన్నా చివర, బాగా ముదురు నీలంలో, రోలు మొదటి ఏడాది గుర్తు లేచింది. లేత కాంక్రీటు మీద పడిన బరువు అన్నిటికంటే లోతుగా దిగుతుంది. అది ఎటూ జరిగి లేదు. సరిగ్గా ఫ్యాన్ కింద, ఆవిడ అడిగిన చోటే ఉంది. కాసేపు అలాగే నిలిచి, మసకబారి, తెర అంతా తెల్లగా అయిపోయింది.

జోల ఆగింది. స్లాబు ఎక్కడా చీలలేదు. యాకూబ్ పైకి పరుగెత్తి రసమట్టం పెట్టి, అక్కడినుంచే గట్టిగా చెప్పాడు, బుడగ నడిమధ్యన ఉందని. ఇమ్మానుయేల్ గారు అందరికంటే ముందు పద్మనాభం మాస్టారికి ఫోన్ చేశారు. ఆయన స్లాబు కొత్తగా పోయిస్తామని, సి బ్లాకు నిలబడిందని, మిగతావి కూడా నిలబడతాయని.

*

కొన్ని వారాలు ఎవరినీ ఆ నేల మీద అడుగు పెట్టనివ్వలేదు. సడలిన కాంక్రీటు పసిదానిలాంటిది. తిరిగి గట్టిపడేదాకా ఏది పెట్టినా అచ్చు పడిపోతుంది.

మళ్ళీ ఇంట్లోకి వచ్చిన రోజు అత్తయ్య ముందు వంటింట్లోకి వెళ్ళారు. గుప్పెడు సగ్గుబియ్యం తెచ్చి హాల్లో చల్లారు. గింజలు చిటపట ఎగిరి, పడ్డచోట పడ్డట్టే ఆగిపోయాయి. గోడ దగ్గర కొన్ని, గుమ్మం దగ్గర కొన్ని. ఏ ఒక్కటీ ఇంకోదాని దగ్గరకి వెళ్ళలేదు. ఆవిడ చెప్పులు విప్పి హాలు మధ్యకి నడిచారు. కుడి పాదం నేల మీద అటూ ఇటూ వెతికింది. దొరకలేదు.

 అయిదు బ్లాకులు నిలబెట్టే దారి చూపాను కాని, ఆవిడ పాదం కింది చోటు తీసేశాను.

నేను వంగి గింజలు ఏరుతున్నాను. ఇప్పుడు ఇల్లంతా తిరిగి ఏరాలి. అత్తయ్య కుర్చీలో కూర్చుని చాలాసేపు నన్నే చూశారు.

"శశీ," అని పిలిచారు. నేనూ శశాంకూ ఇద్దరం ఉలిక్కిపడ్డాం. ఆ పేరు నాదనుకున్నాను ఇన్నాళ్ళూ. "మెట్ల కింద రోలు ఉంది. పైకి తెప్పించు."

"గ్రైండర్ ఉందిగా అమ్మా?"

"గ్రైండర్‌కి నోరుందా? మాట్లాడుతూ రుబ్బుకోవడానికి రోలు కావాలి. తెప్పించు."

శశాంక్ డిపో నుంచి నలుగురిని పిలిచాడు. వాళ్ళు తాళ్ళు కట్టి, ఒకరినొకరు తిట్టుకుంటూ, ప్రతి మలుపులోనూ ఆగి మంచినీళ్ళు తాగుతూ తెచ్చి గుమ్మంలో పెట్టారు. పొత్రం విడిగా వచ్చింది. రోలు లోపలంతా సైకిళ్ళ దుమ్ము. అత్తయ్య కడిగారు, పసుపు రాశారు, బొట్టు పెట్టారు. అప్పుడు నా వైపు తిరిగారు.

"నాకు మోకాళ్ళు లేవు. ఇకనుంచి ఇది నీది. ఎక్కడ పెట్టుకుంటావు?"

ఇమ్మానుయేల్ గారు అప్పటికే నాకు చెప్పి ఉంచారు. బరువులన్నీ గోడవారకి, దూలం మీదకి వచ్చేట్టు పెట్టుకోమని. అన్ని ఇళ్ళకీ ఆ సలహా కాగితం రాసింది నేనే. ఆ కాగితం మా తలుపుకి కూడా అంటించి ఉంది. ఈ స్లాబుకి ఏ బరువు ఎన్నేళ్ళలో ఎంత గుంట చేస్తుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు కాలనీలో ఎవరూ లేరు.

గోడ చూశాను. ఫ్యాన్ చూశాను. శశాంక్ తాడు చేత్తో పట్టుకుని, చెమట తుడుచుకుంటూ, నేనేమంటానా అని చూస్తున్నాడు.

"ఫ్యాన్ కింద అత్తయ్యా," అన్నాను.

అత్తయ్య కిటికీ వైపు తిరిగిపోయారు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారో ఏమిటో నేను చూడలేదు.

 శశాంక్ రోలుని సరిగ్గా ఫ్యాన్ కొక్కెం కిందికి జరిపించి, మనుషుల్ని పంపించేసి, ఒంటి మోకాలి మీద కూర్చుని, రోలు అంచు నుంచి నేల మీద కుడి చేత్తో జానెడు కొలిచాడు. నేను చూస్తున్నానని గమనించి, చెయ్యి దులుపుకుని లేచి, "దుమ్ము," అన్నాడు.

మర్నాడు నేను రుబ్బిన పిండితో దోసెలు మందంగా వచ్చాయి. ఇద్దరూ మాట్లాడకుండా తినేశారు. గాలి మాత్రం సరిగ్గా నడినెత్తిన, హాయిగా తగిలింది.

వేసవిలో ఆవకాయకి మా పుట్టింటికి వెళ్తాను. తిరిగి వచ్చాక ఫ్యాన్ గాలి ఏ భుజానికి తగులుతుందో చూడాలి.